డ్రిల్లు మాస్టారి కూత

రమీజాకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

తను చేతులారా నేర్పి ఇంటికి పంపిన చెంచురామయ్య మాస్టారు నెల తిరక్కుండా రెండుసార్లు ఆయాసంతో ఆసుపత్రికి తిరిగొచ్చాడు. మూడోసారి వస్తే గొంతులో గొట్టం వేయక తప్పదని డాక్టరుగారు చెప్పేసి, మొన్ననే ఇంటికి పంపారు.

ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి కోలుకున్నవాళ్ళకి, ఇంటికెళ్ళాక ఎలా నెగ్గుకురావాలో నేర్పే నర్సు ఆమె. ఆ పనిలో ఆమెకు గురువు దీవెనమ్మ సిస్టర్. రమీజా ఆమె దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. మాస్టారికి బొమ్మలు గీసి చూపించింది. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలమని వందసార్లు చెప్పింది. మాస్టారు అన్నిటికీ తలూపుతాడు. ఆయాసం రాగానే అన్నీ మరిచి, నోరు తెరిచి గాలి లాగుతాడు. లోపలిది బయటికి పోనిదే కొత్తది ఎక్కడ పడుతుంది?

"నేను నేర్పడంలో లోపం లేదు సిస్టర్. ఆయనే నేర్చుకోడు."

దీవెనమ్మ మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని చీరాలలో మాస్టారింటికి బయల్దేరింది.

చెంచురామయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, వేలికి ఆక్సిజన్ అంకె చూపించే క్లిప్పు. రమీజా సంచిలోంచి బొమ్మల కాగితం తీయబోతే దీవెనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మాస్టారూ, ఈ పిల్లకి కబడ్డీ కూత నేర్పండి."

ఆయన తలెత్తాడు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, ఆడపిల్లల కబడ్డీ జట్టుకి జిల్లా కప్పు తెచ్చినవాడు. ఆర్నెల్లుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, మందులేసుకున్నావా అని తప్ప.

భార్య రత్తమ్మని పిలిచి ముగ్గుపిండితో గీత గీయమన్నాడు. రత్తమ్మ, పక్కింటి తోడికోడళ్ళు ఇద్దరూ కొంగులు బిగించి, చేతులు పట్టుకుని నిలబడ్డారు. రమీజాకి సిగ్గు ముంచుకొచ్చింది. సిస్టర్ వంక చూసింది. సిస్టర్ అరుగు మీద చతికిలబడి ఉంది. ఇక చేసేదిలేక చున్నీ నడుముకి చుట్టి, గుండెల నిండా గాలి పీల్చి కూతకెళ్ళింది. నాలుగడుగులకే కూత తెగింది. ముగ్గురూ మీదపడి కుదేశారు. రెండోసారీ అంతే.

మాస్టారు మంచం పట్టె మీదికి జరిగాడు.

"గాలి మింగబాకమ్మా. ఉన్నదాన్ని సన్నగా వదులు. లాక్కోడం దానంతటదే జరుగుద్ది."

మూడోసారి కూత సన్నటి దారంలా సాగింది. రమీజాకే నమ్మబుద్ధి కాలేదు. ఎడమకి వంగి, కుడికి దూకి, పెద్ద తోడికోడలి మోచెయ్యి తాకింది. వెనక్కి మళ్ళేసరికి రత్తమ్మ మడమ దొరకబుచ్చుకుంది. రమీజా బోర్లా పడింది. కూత మాత్రం తెగలేదు. మట్టిలో జరిగి, చెయ్యి చాచి, వేళ్ళ కొసలతో గీత అందుకుంది.

"గీత, గీత తాకింది," అని అరుస్తూ మాస్టారు లేచి నిలబడ్డాడు.

అంతే, ఊపిరి అందలేదు. మంచం మీద కూలబడ్డాడు. నోరు తెరుచుకుంది, మెడ నరాలు లేచాయి. వేలి క్లిప్పులో అంకె ఎనభైమూడుకి పడింది. రత్తమ్మ బిక్కచచ్చిపోయింది. దీవెనమ్మ అరుగు మీంచి సగం లేచి ఆగింది.

రమీజా మట్టికొట్టుకున్న మోకాళ్ళతోనే మంచం దగ్గర కూలబడి, రొప్పుతూ ఆయన చెయ్యి పట్టుకుంది.

"గాలి మింగబాకండి మాస్టారూ. సన్నగా వదలండి."

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. పెదాలు దగ్గరికొచ్చాయి. గాలి సన్నగా, పొడుగ్గా బయటికొచ్చింది. ఇంకోసారి. మరోసారి. ఎనభైఅయిదు. ఎనభైఎనిమిది. తొంభై.

రత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మాస్టారికి మాట రావడానికి కొంతసేపు పట్టింది.

"రేపు పెందలాడే రా. నీకు ఎడమకాలు ఆడటంలా."

రెండు నెలలు గడిచాయి. మాస్టారు ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఒకనాడు దీవెనమ్మ కొత్త రోగి కాగితాలు రమీజా ముందు పెట్టింది. పేరాలలో చేనేత పనివాడు, నలభై ఏళ్ళుగా మగ్గమే లోకం. రమీజా చదివి, నెమ్మదిగా అంది.

"నాకు మగ్గం గురించి ఓనమాలు కూడా తెలీవు సిస్టర్."

"అయితే నువ్వే వెళ్ళాలి," అంది దీవెనమ్మ.