గూటి సంఘం కట్టిన ఇల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అందరికీ ఇళ్ళు లేవు గానీ, ఇళ్ళు కట్టడం నేర్పే కాలేజీ మాత్రం ఉంది పిల్లలూ. అందులో ఒక తరగతి వాళ్ళు ఇల్లు ఎలా ఉండాలో ఇసుకలో గీస్తారు. రెండో తరగతి వాళ్ళు కడతారు. ఒకరంటే ఒకరికి క్షణం పడదు. అందుకని ఇద్దర్నీ కలిపి 'గూటి సంఘం' పెట్టారు. ఏటా వానలకి ముందు సంఘం వాళ్ళు ఎవరో ఒక బీదప్రాణికి ఇల్లు కట్టిపెట్టాలి. చుట్టుపక్కల అడవుల్లోనూ ఇలాంటి సంఘాలున్నాయి. ఏ అడవి సంఘం కట్టిన ఇల్లు బాగుంటే వాళ్ళకి నెమలి ఈకల కిరీటం.

ఆ ఏడు సంఘానికి అధ్యక్షుడు పచ్చన్న అనే గిజిగాడు. గీయడంలో దిట్ట, మాటల్లో అంతకన్నా దిట్ట. అతను చారలమ్మ అనే ఉడుత దగ్గరికి వెళ్ళాడు. చారలమ్మ మూడు పసికూనలతో ఓ పాత తొర్రలో ఉంటోంది.

"పిన్నీ, ఈ తొర్ర పగలగొట్టి ఇక్కడే నీకు కొత్తిల్లు కట్టిస్తాం" అన్నాడు పచ్చన్న.

"పాతదైనా ఇది కురవదు నాయనా. కొత్తదీ కురవదు కదా?" అని అడిగింది చారలమ్మ.

"చుక్క నీరు పడితే నా పేరు పచ్చన్నే కాదు."

చారలమ్మ నమ్మింది. తొర్ర ఖాళీ చేసింది.

గోడలు లేచాయి. రేపు ఇల్లు చూడ్డానికి పెద్దలు వస్తారనగా, ఇంకా రెండు పనులు మిగిలాయి. పైకప్పు అల్లాలి. ముందుగోడకి నగిషీ పెట్టాలి. ఉన్న పొద్దు ఒక్క పనికే సరిపోతుంది.

"పైకప్పు అల్లేద్దామా?" అని అడిగింది కార్యదర్శి కందిరీగ.

పచ్చన్నకి తనిచ్చిన మాట గుర్తుంది. గుర్తుండి కూడా ఇలా అన్నాడు.

"వచ్చేది తాబేళ్ళు. ఎంత మెడ సాచినా వాటికి కనబడేది గోడే. పైన పచ్చి ఆకులు పరిచేయండి. కప్పుదేముంది, తర్వాత అల్లుకోవచ్చు."

తాబేళ్ళు వచ్చాయి. గోడ చూసి ముక్కున వేలేసుకున్నాయి. కిరీటం పచ్చన్న నెత్తికెక్కింది.

నాలుగు రోజులకి ఆకులు ఎండి రాలిపోయాయి. చారలమ్మ సంఘానికి వెళ్ళింది.

"ఇవాళ మాకు సన్మానం పిన్నీ, రేపు రా" అన్నాడు పచ్చన్న.

మర్నాడు వెళ్ళింది.

"ఇవాళ సంఘం ఎన్నికలు. తల గోక్కోడానికి తీరిక లేదు" అన్నాడు.

మూడోసారి వెళ్ళేసరికి కొత్త అధ్యక్షుడు గోరింక కూర్చుని ఉన్నాడు.

"అది పాతవాళ్ళు కట్టిన ఇల్లమ్మా. దాంతో మాకు సంబంధం లేదు. మేం వచ్చే ఏటికి ఇంకో బీదప్రాణిని వెతుక్కుంటున్నాం" అన్నాడు గోరింక.

పచ్చన్న అక్కడే ఉన్నాడు. ఎల్లుండి నేనే వెళ్ళి అల్లేస్తాలే అనుకున్నాడు. అనుకోవడానికి ఖర్చేముంది?

వాన ఎల్లుండి దాకా కాచుకుని కూర్చోలేదు. ఆ సాయంత్రమే మొదలై తెల్లవార్లూ కురిసింది.

పొద్దున్నే పచ్చన్న గడ్డిపరకలు ముక్కున కరుచుకుని ఎగిరొచ్చాడు. ముందుగోడ నగిషీ చెక్కుచెదరలేదు. ఇంటి లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి. చారలమ్మ బయట కొమ్మ మీద తడిసి ముద్దయి ఉంది. ఆమె పొట్ట కింద రెండు కూనలే ఉన్నాయి. మూడోది నీళ్ళలో చచ్చిపోయింది.

పచ్చన్న గడ్డి కింద పెట్టాడు.

"పిన్నీ, ఇప్పుడే అల్లేస్తాను. ఒక్క పూటలో అయిపోతుంది."

చారలమ్మ అతనివైపు చూసింది.

"ఒక్క పూట పనేనా నాయనా? నేనేదో పెద్ద పని అడుగుతున్నాననుకున్నాను. అందుకే నువ్వు రేపు రా, రేపు రా అంటే నోరెత్తకుండా వెనక్కి పోయాను."

నీతి: చూసేవాళ్ళ మెప్పు కోసం కట్టిన ఇల్లు ఉండేవాళ్ళని కాపాడదు.