చిల్లాకమ్మ చీరకు చిల్లు

చిల్లాకమ్మ కోనలో రాతిమెట్లెక్కి పైకి వెళితే ఒక పెద్ద బండ, దాని కింద గుహ, గుహలో అమ్మవారు. విగ్రహం ఉండదు. బండకు వేలాడే పాతబట్ట మీద నల్లరంగుతో వేసిన తీగే మూలవిరాట్టు. దాని ఆకుల నిండా చిల్లులు. అమ్మవారి వాహనంగా సింహమో నెమలో ఉంటుందని వెతికే భక్తులు కాస్త కిందికి చూడాలి. అది గొంగళిపురుగు. రాతిలో చెక్కి పసుపు రాసి ఉంటుంది. ఈ పుస్తకం రాసిన నాకు ఆకుల్లో కరివేపాకు తప్ప మరొకటి గుర్తుపట్టడం రాదు, అదీ పులుసులో ఉంటేనే. కనుక ఇందులోని మూలికల సంగతులన్నీ పూజారి మునస్వామిగారు చెప్పినవి. తప్పులు మాత్రం నావి.

పూర్వం ఇక్కడ, కోన కింది ఊళ్ళో, కోనప్ప అనే వైద్యుడు ఉండేవాడు. కొండమీది మూలికలన్నీ ఆయనకు చూడగానే తెలిసేవి. ముసలితనంలో ఆ చూపే పోసాగింది. తన తర్వాత ఏ ఆకు ఏదో చెప్పే దిక్కు ఉండదని, మూలికలన్నీ ఒక బట్టమీద వేయించదలచి, కలంతో దేవుళ్ళ బొమ్మలు వేసే చెంగలరాయుడిని పిలిపించాడు.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యి నాయనా. నీ పనితనం నా దగ్గర చూపించొద్దు" అన్నాడు.

చెంగలరాయుడు సరేనన్నాడు గాని, జన్మంతా సీతమ్మవారికి నగలు పెట్టిన చెయ్యి అది. జ్వరాన్ని విరిచే తీగ దగ్గరికి వచ్చేసరికి ఆకులన్నీ పురుగు కొట్టి ఉన్నాయి. చిరుగుల చీరతో దేవతను ఎవరైనా వేస్తారా అనుకొని, చిల్లులన్నీ పూడ్చి నిండాకులు వేశాడు. బట్టమీద ఖాళీ కనబడితే అతని చెయ్యి ఊరుకోదు కనుక, లేని పువ్వులు కూడా రెండు పెట్టాడు. అప్పటికి కోనప్పకు చూపు పూర్తిగా పోయింది. బట్టను తడిమి, బాగుందన్నాడు. ఊరంతా అదే మాట అంది. ఆ ఏడే కోనప్ప కాలం చేశాడు. ఇక ఊరికి వైద్యుడంటే ఆ బట్టే.

మరుసటి వానలకు జ్వరాలు పట్టుకొన్నాయి. చెంగలరాయుడి కూతురు వల్లెమ్మ మంచానపడింది. అతను బట్టను చంకన పెట్టుకొని కొండెక్కి, బొమ్మతో సరిపోల్చి, నిగనిగలాడే ఆకులు కోసుకొచ్చాడు. కషాయం పోసినా ఒళ్ళు చల్లబడలేదు. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోశారు. పిల్ల పలకడం మానేసింది.

భార్య కుప్పమ్మ ఆకునూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసింది. "నీ బొమ్మకు తగిన ఆకే తెచ్చావు" అంది. "బిడ్డకు తగిన ఆకు తే."

మిట్టమధ్యాహ్నం మళ్ళీ కొండెక్కాడు. తిరిగి తిరిగి ఈ బండ నీడన కూలబడితే రెప్ప పడింది. కలలో ఒక స్త్రీ, ఒంటిమీద చిల్లులు పడ్డ చీర. అతను ముఖం పక్కకు తిప్పుకొని, కప్పుకొమ్మని తన పైపంచె చాచాడు.

"నా చీరకు నువ్వెందుకురా సిగ్గుపడతావు?" అంది ఆమె. "ఈ చిల్లులు పెట్టింది నా బిడ్డ. నా ఆకు తప్ప దానికి వేరే తిండి లేదు, నా సవతి ఆకు ముట్టదు. నా బిడ్డ తిన్న గుర్తు చెరిపేసి, నీ బిడ్డను బతికించమని నన్నే అడుగుతావా?"

మెలకువ వచ్చి చూస్తే, ఎదుట రాతిమీద రెండు తీగలు పెనవేసుకొని ఉన్నాయి. ఒకటి చిల్లులేని ఆకులతో అచ్చం తన బొమ్మ. రెండోదాని ఆకులను గొంగళిపురుగు తీరిగ్గా కొరుకుతోంది. చెంగలరాయుడు ముందు పురుగుకు దండం పెట్టి, అది తినగా మిగిలిన ఆకులు కోసుకొని పరుగున దిగాడు. ఆ కషాయానికి జ్వరం విడిచింది. వల్లెమ్మ కళ్ళు తెరిచి, చేదు మందు పోశారని తల్లిమీద అలిగింది.

బట్టను సరిచేద్దామంటే పట్టిన నల్లరంగు చెరగదు. అతను ఊదువత్తి వెలిగించి, తాను వేసిన ఆ తీగ ఆకులకు తన చేతితోనే చిల్లులు కాల్చాడు. ఆ బట్టే తెచ్చి ఈ బండకు కట్టాడు.

నేటికీ అమ్మవారికి చీర పెట్టే తల్లులు ముందు దానికి ఊదువత్తితో ఒక చిల్లు పెడతారు. డ్యామేజి చీర చవగ్గా తెస్తే చెల్లదు. చిల్లు మీ చేతులతోనే పడాలి, మనసు కాస్త చివుక్కుమనాలి. కోనలో పురుగును ఎవరూ దులపరు, ఆకు ఎవరూ కోయరు. బొమ్మ చూసి పొరబడేవాళ్ళు ఇంకా పుడుతూనే ఉన్నారు కనుక, పిల్లలకు జ్వరమొస్తే ముందు డాక్టరుకు చూపించి, తగ్గాక కొండెక్కమని మునస్వామిగారి మాట.

చివరిగా ఒక మనవి. ఈ పుస్తకం అట్టమీది బొమ్మలో చిల్లులు అసహ్యంగా ఉన్నాయని ప్రెస్సువారు భక్తితో పూడ్చేశారు. అందుచేత ప్రతి అట్టకూ మేమే కూర్చొని ఊదువత్తి పెట్టాం. పురుగు కొట్టిన పుస్తకమని తిరిగి ఇవ్వకండి. అమ్మవారి చల్లని చూపు మీ బిడ్డలమీదా, ఆమె బిడ్డమీదా ఉండుగాక.