సున్నా దగ్గర ముల్లు

పైడిరాజు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకడం అరుదు. పని దొరికేది. "సార్, ఈ ద్రావణం ఇలా ఎందుకు విరిగిపోతోంది?" అని అడిగితే, ముందు ఆ గాజు గొట్టాలన్నీ కడిగి రమ్మనేవారు. కడిగి వచ్చేసరికి అడిగినవాడికి సగం సంగతి తెలిసిపోయేది. తెలియని సగం గురించి ఇంకో పని చెప్పేవారు. ఆయన దగ్గర చదివినవాళ్లకు డాక్టరేటు వచ్చినా రాకపోయినా గిన్నెలు తోమడం మాత్రం బాగా వస్తుందని విజయనగరంలో ఎగతాళి చేసేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆయన సంతోషించేవారు.

ఇంజనీరింగ్ కాలేజీ వెనకాల రేకుల షెడ్డే ఆయన ప్రయోగశాల. మనిషి చెవికి అందనంత సన్నని శబ్దాన్ని ద్రావణాల్లోకి పంపడం, ఆ ద్రావణాలతో కరెంటును దాచుకునే సెల్‌లు తయారుచేయడం, అక్కడ ఎప్పుడూ ఇదే పని. సెల్ అంటే ఫోను కాదు, బ్యాటరీ కూడా కాదు. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే మెకానిక్కు వచ్చి కండెన్సరు మారుస్తాడే, దానికి పెద్దన్న. లోపల బొగ్గుపొడి పూసిన రేకులుంటాయి. ఆ బొగ్గు నిండా కంటికి కనిపించని గుంటలు. ఊరికే ద్రావణం పోస్తే పైపై గుంటలు తడుస్తాయి తప్ప లోపలివాటిలో గాలి అలాగే ఉండిపోతుంది. శబ్దంతో కుదిపితే ఆ గాలి బుడగలై పైకి తేలుతుంది, ద్రావణం అట్టడుగు దాకా దిగుతుంది. అలా తయారైన సెల్ మామూలు సెల్ కంటే ఎంతో ఎక్కువ దాచుకుంటుంది. ఈ ఉపాయం కనిపెట్టింది మాస్టారి శిష్యురాలు హిమజ. పేటెంటుకు రాసినప్పుడు మాస్టారు పట్టుబట్టి ఆమె పేరే ముందు పెట్టించారు.

ఆ ఏడాదే హిమజకు ఏడో నెలలో కాన్పయింది. ఆడపిల్ల. పుట్టీ పుట్టగానే పోయింది. అంత పసికందు పోతే మావైపు దినాలూ కర్మలూ ఉండవు. తల్లికి చూపించరు, చూస్తే మళ్లీ కడుపు నిలవదంటారు. మగవాళ్లు ఎత్తుకెళ్లి పూడ్చి వచ్చేస్తారు. ఎక్కడ పూడ్చారో ఆడవాళ్లు అడగకూడదు, మగవాళ్లు చెప్పకూడదు. ఏడవకు, వచ్చే ఏడాదికి ఇంకొకరు వస్తారులే అంటారు. ఈ పద్ధతి పెట్టినవాళ్లు ఎవరో గానీ బిడ్డను కన్నవాళ్లు మాత్రం అయివుండరు. హిమజ మత్తులోంచి లేచేసరికే అంతా అయిపోయింది. బిడ్డను ఎత్తుకెళ్లినవాళ్లు ఇద్దరు, ఆమె భర్త ఈశ్వరరావు, అతని చిన్నాన్న.

ఈశ్వరరావు హిమజకు మేనబావే. ఆర్టీసీలో కండక్టరు. టిక్కెట్టుతో పాటు ఒక చమత్కారం కూడా చేతిలో పెట్టే రకం. అతని బస్సు కోసం ముందొచ్చిన బస్సును వదిలేసే ముసలమ్మలు ఉండేవారు. పెళ్లయ్యాక హిమజను చదువు మానమని ఎందరు చెప్పినా వినిపించుకోకుండా, రోజూ తనే షెడ్డు దగ్గర దిగబెట్టి డ్యూటీకి వెళ్లేవాడు. అటువంటి మనిషి, బిడ్డను పూడ్చి వచ్చిన పూట స్నానం చేసి, అన్నం పెట్టమని అడిగి, కూర్చుని తిన్నాడట. ఈ మాట హిమజకు అత్తగారైన మేనత్తే చెప్పింది, అదీ కాస్త గర్వంగా, "మావాడు గట్టోడమ్మా" అని. మర్నాడే డ్యూటీ ఎక్కాడు. తన డ్యూటీ చాలదన్నట్టు తోటివాళ్ల డ్యూటీలు కూడా నెత్తిన వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఉన్న కాసేపూ టీవీ మోగుతూ ఉండాలి, అతని నోట్లో ఏదో ఒక తమాషా నడుస్తూ ఉండాలి. ఒకనాడు హిమజ గుండె చిక్కబట్టుకుని "పిల్ల ఎలా ఉంది బావా?" అని అడిగింది. "ఇవాళ సాలూరు బస్సులో ఏటైందో తెలుసా?" అని అతను కథ ఎత్తుకున్నాడు.

ఆ రోజుతో ఆమె మనసు విరిగిపోయింది. కాలేజీ హాస్టల్లో గది మాట్లాడుకుంది, నెల తిరగ్గానే వెళ్లిపోవాలని నిశ్చయించుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాస్టారికి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయింది.

చెప్పడమంతా అయ్యాక అడిగింది. "లోపల ఏమీ లేని మనిషితో ఎలా బతకాలి సార్?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "పెద్ద సెల్ ఖాళీ చేసేవా?" అని అడిగారు.

హిమజకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఇంత చెప్పుకుంటే ఈయనకు సెల్ గొడవా అనుకుంది. అయినా ఆయన మాట కాదనే అలవాటు లేదు. లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆమె పద్ధతిలో చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది ఆ సెల్. పొద్దున నింపింది, సాయంత్రంలోపు ఖాళీ చేసి బీరువాలో పెట్టాలి. దానికొక తీరుంది. లోపలి కరెంటునంతా బయటికి పోనిచ్చి, మీటరులో ముల్లు సున్నాకు రాగానే, సెల్ రెండు కొసలనూ కలుపుతూ రాగితీగ కట్టేయాలి. కట్టిన తీగ మళ్లీ వాడే రోజు దాకా విప్పరు. షెడ్డులో చేరిన మొదటివారంలోనే అందరికీ ఇది నేర్పుతారు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కున్నట్టు తర్వాత చేతులు వాటంతటవే చేసేస్తాయి.

ముల్లు దిగివచ్చి సున్నా మీద నిలబడింది. హిమజ రాగితీగ అందుకుంది.

"కట్టకు," అన్నారు మాస్టారు. "మీటరు అలాగే ఉంచి దగ్గర కూర్చో." ఆయన కూడా ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. పక్క గదిలో ద్రావణాలను కుదిపే మిషను ఆపేసినట్టున్నారు, రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. హిమజ చూపు ముల్లు మీద ఉందే గాని ఆలోచన హాస్టలు గది మీద ఉంది. పెట్టెలో ఏమేం సర్దుకోవాలో అనుకుంటోంది. మళ్లీ చూసేసరికి ముల్లు సున్నా దగ్గర లేదు.

ఆమెకు తెలియని శాస్త్రం కాదు ఇది. ఖాళీ చేశాక కూడా కొంచెం మిగులుతుందని, అందుకే తీగ కడతామని కొత్తగా చేరినవాళ్లకు తనే చెప్పేది. కొంచెం అనే చెప్పేది, ఎందుకంటే ఎంతో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పై గుంటల్లోని కరెంటు ముందు పోతుంది, ముల్లు పడిపోతుంది. లోతు గుంటల్లోది అప్పటికి ఇంకా దారిలోనే ఉంటుంది. తీగ ఉన్నంతసేపూ, పైకి వచ్చినదాన్ని వచ్చినట్టే ఆ తీగ మింగేస్తుంది. ఇవాళ తీగ లేదు. ముల్లు మెల్లగా, ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టు, లేస్తూనే ఉంది. టీ వచ్చింది, చల్లారింది, ఎవరూ తాగలేదు. నింపినదాంట్లో ఇంచుమించు మూడోవంతు దాకా లేచి, అక్కడ కూడా ఆగలేదు.

"ఇంతుందా సార్ లోపల?" అంది హిమజ. తను చేసిన సెల్, తనే లోతుకు దింపిన ద్రావణం.

"సున్నా చూసి లేచిపోతామమ్మా మనందరం," అన్నారు మాస్టారు. కాసేపటికి ఆయనే సెల్‌ను మళ్లీ ఖాళీ చేసి తీగ కట్టేశారు, ఆమెను ఇంటికి పొమ్మన్నారు.

ఆ సాయంత్రం ఈశ్వరరావు డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుని, మళ్లీ చొక్కా తొడుక్కుంటున్నాడు. తోటి కండక్టరు బదులు సాలూరు ట్రిప్పుకు వెళ్లాలట. మేనత్త బొబ్బిలిలో కూతురింటికి వెళ్లింది, ఇంట్లో వాళ్లిద్దరే.

"ఈ పూట వెళ్లకు బావా," అంది హిమజ.

"మాటిచ్చీసేనే వాడికి."

"నేను ఫోన్ చేసి చెప్పాను, నువ్వు రావడం లేదని." టీవీ కట్టేసి వచ్చి, అతని చేయి పట్టుకుని పెరట్లో గట్టు మీద కూర్చోబెట్టింది.

అతను బస్సులో ఒక మేకపిల్లకు టిక్కెట్టు కొట్టిన కథ చెప్పాడు. ఆమె నవ్వలేదు. విసుక్కోనూ లేదు. ఇంకొకటి మొదలుపెట్టాడు, అది మధ్యలో ఎటో పోయింది. ఆమె ఏమీ అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చినా మింగేసింది. అతని కుడిచేతి బొటనవేలు మాత్రం టిక్కెట్టు మిషను నొక్కినట్టు కదులుతూనే ఉంది. చాలాసేపటికి అదీ ఆగింది.

"చెవులు నీవే," అన్నాడు.

హిమజ కదలలేదు.

"చిన్నాన్న చూడొద్దన్నాడు. నేను గుడ్డ తీసి చూసేను. చెవులు నీవే. గోళ్లు కూడా వచ్చీసేయి పిల్లకి. అప్పుడే చినుకులు మొదలైనాయి. తడిసిపోతాదని చొక్కా విప్పి కప్పేను. గొయ్యి తవ్వీసినాక చొక్కా తీసుకోరా అన్నాడు చిన్నాన్న. నేను తీసుకోలేదు."

"బావా."

"ఇంటికొచ్చి అన్నం ఎందుకడిగేనో నాకే తెలీదే. ఈ చేతుల్తో ఏదో ఒకటి చెయ్యాల కదా, మరేటి చెయ్యను?"

అప్పుడు ఏడ్చాడు. హిమజ అంతకుముందు మగవాళ్ల ఏడుపు వినలేదు. నోరు మూసుకుని ఏడవడం వల్ల అది దగ్గులాగా వచ్చింది. ఆమె కూడా ఏడ్చింది, అతని కోసం కాదు, ఆ చెవుల కోసం. తన బిడ్డ ఎలా ఉందో ఆమెకు ఇన్నాళ్లకు తెలిసింది, తెలిసిన నిమిషంలోనే బిడ్డ మళ్లీ పోయినట్టయింది. ఈ మనిషి లోపలేనా ఏమీ లేదన్నాను అనుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

దాంతో తీరిపోయిందనుకుంది. హాస్టలుకు ఫోన్ చేసి గది వద్దని చెప్పింది. కానీ మర్నాడు అన్నం కలుపుతూ కలుపుతూ అతను చేయి ఆపేశాడు, ఆ చిన్న గోళ్ల గురించి మళ్లీ చెప్పాడు. తర్వాత రోజు ఎవరో ఒకావిడ పసిపిల్లను ఎత్తుకుని బస్సెక్కితే, టిక్కెట్టు కొట్టలేక, బస్సును డ్రైవరుకు వదిలేసి గజపతినగరంలో దిగిపోయాడు. డిపోలో మంచివాళ్లు, ఏమీ అనకుండా సెలవిచ్చారు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. వాన చినుకు పడితే లేచి కూర్చుంటున్నాడు. జోకు అన్న మాట అతని నోట రావడం లేదు. వీధిలోవాళ్లు హిమజను అడుగుతున్నారు, కులాసాగా తిరిగే మనిషికి ఏం చేశావమ్మా అని.

ఆమెకు భయం వేసింది. ఒక మధ్యాహ్నం షెడ్డుకు వచ్చింది. మాస్టారు నీళ్ల తొట్టె ముందు నిలబడి గాజు గొట్టాలు కడుగుతున్నారు.

"నేనే పాడుచేశానేమో సార్," అంది. "ఏదో నవ్వుతూ తిరిగేవాడు. కూర్చోబెట్టి కదిపాను. ఇప్పుడది ఆగడం లేదు. అయిపోయిందనుకున్నప్పుడల్లా మళ్లీ వస్తోంది. అలా వదిలేసి ఉంటే బాగుండేదా? ఇదెప్పటికి తీరుతుంది సార్?"

మాస్టారు కొళాయి కట్టేశారు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంట్లోనే సార్. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"మీ అత్త వచ్చిందా?"

"ఇంకా రాలేదు. ఒక్కడే ఉన్నాడు."

మాస్టారు తడిచేతులు తువాలుకు తుడుచుకున్నారు. బల్ల మీద ఆమె పెట్టిన సంచీ తీసి ఆమె చేతికిచ్చారు.

"మరి నువ్విక్కడున్నావేటమ్మా?" అన్నారు.