కట్టమ్మకు పచ్చచీర కట్టిన నాంచారి కథ

అందరును చేతిలోకి అక్షతలు తీసుకొని, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని వినవలెను.

పూర్వము శీతవాహుడను ముని మృద్గర్భ మహర్షిని సమీపించి, వరద వచ్చినను ఇల్లు నిలుపు వ్రతమేదైన కలదా స్వామీ అని అడిగెను. మహర్షి కన్నులు అరమోడ్చి ఇట్లు చెప్పెను.

ఏటిమొగ అను పల్లె ఒక వాగు పక్కన ఉండెను. వాగు పొంగి ఇళ్ళలోకి రాకుండ పెద్దలు చిన్న మట్టికట్ట పోసిరి. ఏటేటా తొలకరికి ముందు ఇంటికొక తట్టెడు మట్టి దానిపై పోసి, దిమ్మిసతో అణచి, పీతల బొరియలు బంకమట్టితో పూడ్చి, గరిక నాటి, కట్టమ్మా చల్లగా చూడుమని మ్రొక్కుచుండిరి.

ఆ ఊరి గవరయ్య భార్య నాంచారి. మెట్ట ఊరి పిల్ల, వాగు పొంగుట ఎరుగదు. శుభ్రమనిన ప్రాణము పెట్టును. ఏటేటా ముందు నిలిచి ఈ వ్రతము చేయించు అత్త ఒక ఏడు తన కూతురి పురిటికి పోగా అది నాంచారి చేతిలో పడెను. గడ్డి పెరిగిన కట్టను చూచి, అమ్మవారిని ఇట్లుంచుదురా అని సిగ్గుపడి, అమ్మలక్కలతో గడ్డి అంతయు చెక్కించి, పేడతో అలికి, కట్ట పొడవునా ముగ్గులు పెట్టెను. చూచినవారందరును మురిసిపోయిరి. బొరియల సంగతి అడిగినవారే లేరు.

అత్త తిరిగి వచ్చి నోరు నొక్కుకొని, "అదేంటే, కట్టకి గుండు కొట్టేశావు? ఇప్పుడు వానొస్తే మట్టినేది పట్టుకుంటది?" అనెను. మరల గరిక నాటుదమనిన, అంత చక్కని ముగ్గులు చెడునని ఎవరును కదలరైరి.

వాన పడెను. ముగ్గు కరిగెను, అలుకు కరిగెను, కట్ట జావవలె జారెను. గండికి అడ్డముగా గడ్డిమోపు పట్టుకొని నిలిచిన గవరయ్యను వాగు తీసుకొనిపోయెను.

నాంచారి అన్నము మాని గండి అంచున కూర్చుండెను. ఒక మధ్యాహ్నము కునుకు పట్టగా, నీళ్ళ మీద ఒక స్త్రీ నడచి వచ్చుట కలలో చూచెను. ముఖమున పసుపు, నుదుట కుంకుమ. ఒంటిని మాత్రము చేతులతో కప్పుకొనియుండెను. ఆమె కోపగింపలేదు. "కట్టుకున్న చీర లాగేసి ముగ్గులు పెట్టావు తల్లీ. చలిగా ఉంది" అనెను. నాంచారి ఏడ్చి భర్తను అడుగగా, "నా ఒళ్ళో నిద్రపోతన్నాడు. ముందు నాకు చీర కట్టు" అని నీటిలో కలిసిపోయెను.

మేల్కొని నాంచారి తట్ట ఎత్తెను. ఆమెను చూచి అత్తయు, పిదప ఊరివారును కదిలిరి. గండి పూడ్చి, మట్టి తొక్కి, గరిక నాటి, వేసవి అంతయు కడవలతో నీరు పోసిరి. మరుసటి ఏడు వాగు కట్ట అంచు దాక లేచి, పచ్చని గరికను తడిమి, మెల్లగా వెనుకకు పోయెను. నీరు తగ్గగా గవరయ్య కట్ట మీద నడచి వచ్చుచుండెను. ఇన్నాళ్ళు ఎక్కడుంటివని తల్లి అడుగగా, "ఏమోనమ్మా, మంచి నిద్ర పట్టేసింది" అనెను. అతని ఒంటి నుండి పచ్చిగడ్డి వాసన వచ్చుచుండెను. నాంచారి అతని చేయి పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చెను.

కావున మునీ, వాగు పక్కనున్నవారు, పల్లపు చేల రైతులు, కొత్తగా కాపురమునకు వచ్చిన కోడళ్ళు తప్పక ఈ వ్రతము చేయవలెను. చేసినవారి గాదె తడవదు, ఊయల తడవదు, ఏటిపాలైనవాడు ఇల్లు చేరును అని మహర్షి చెప్పెను.

కథ అయినది, అక్షతలు నెత్తిన వేసుకొనుడు. అంతటితో ముగిసినదని చాపలు చుట్టవలదు. తట్టలు గుమ్మము బయట ఉన్నవి, పడమట మబ్బు పట్టుచున్నది. లేవుడు.