లొట్టలయ్య గారి అనుకోని విందు

అనగనగా ఒక అడవి. అన్ని అడవుల్లాంటిది కాదు, కాళ్ళు తడుపుకుంటూ నిలబడ్డ అడవి. నది వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఉండే మడ అడవి. రోజుకి రెండుసార్లు సముద్రం లోపలికి వస్తుంది, చెట్ల వేళ్ళు మునుగుతాయి. రెండుసార్లు వెనక్కి పోతుంది, బురద తేలుతుంది. నీళ్ళు వచ్చేదాన్ని పోటు అంటారు, పోయేదాన్ని పాటు అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. కథ మధ్యలో అడిగితే నేను చెప్పను.

ఆ అడవిలో లొట్టలయ్య అని ఒక బావురుపిల్లి ఉండేవాడు. బావురుపిల్లి అంటే మన వంటింట్లో పాలు తాగే పిల్లి కాదు. నీళ్ళలోకి దూకి చేపల్ని పట్టే పెద్ద పిల్లి. ఈ లొట్టలయ్యకి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. పొద్దున్న లేస్తూ మధ్యాహ్నం ఏం తినాలా అనుకునేవాడు. మధ్యాహ్నం తింటూ రాత్రికి ఏం తినాలా అనుకునేవాడు. ఒకసారి కలలో పులుసు తాగి, ఉప్పు తక్కువైందని లేచి కూర్చున్నాడట.

సాయంత్రం పాటు పడిన రోజుల్లో లొట్టలయ్య ఇంట్లో టీ ఉండేది. అడవిలో టీ ఏమిటని అడుగుతారని నాకు తెలుసు. పడవలోంచి ఒక కెటిల్ జారిపడింది. టీపొడి డబ్బా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పాలు గట్టు మీద మేసే గేదె ఇచ్చేది. ఆ గేదె మాత్రం టీ తాగేది కాదు, తాగితే నిద్ర పట్టదట. పకోడీలు వేసేది కొంగ కోటమ్మ. ఆవిడ ముక్కు పొడుగు కదా, నూనె చిట్లినా మొహం దాకా రాదు.

టీకి ముగ్గురు వచ్చేవాళ్ళు. పీత పేరిందేవి, రొయ్య వీర్రాజు, పండుగప్ప చేప అచ్చియ్యమ్మ. ముగ్గురూ లొట్టలయ్యకి ఇష్టమైన కూరలే. మరి భయం లేకుండా ఎలా వచ్చేవాళ్ళంటే, ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చేతి ముద్ద ఎవరు తిన్నా, ఇద్దరూ చుట్టాలైపోతారు. చుట్టాన్ని తినకూడదు. కాలవ మధ్యలో ఎర్రగుడ్డ కట్టిన వెదురు గెడ ఒకటి ఉంది. పోటు నీళ్ళు పెరిగి ఆ ఎర్రగుడ్డని తాకేదాకా చుట్టరికం. తాకగానే ఎవరి దారి వాళ్ళది, ఎవరి పళ్ళు వాళ్ళవి. అందుకని ముగ్గురూ టీ తాగేసి, గుడ్డ తడవకముందే ఇళ్ళకి చేరిపోయేవాళ్ళు.

చుట్టాలింటికి వట్టి చేతులతో ఎవరు వెళ్తారు? పేరిందేవి రోజూ మడాకులో ఒక పొట్లం కట్టి తెచ్చేది. లొట్టలయ్య దాన్ని ఒక్కసారైనా విప్పి చూడలేదు. వాళ్ళు వెళ్ళగానే పొద వెనక్కి విసిరేసేవాడు. మర్నాడు మాత్రం, "చెల్లెమ్మా, నీ పొట్లం రాత్రి లొట్టలేసుకుంటూ తిన్నాను" అనేవాడు. మర్యాదకి ఒక అబద్ధం ఆడితే ఏం పోతుందిలే అనుకునేవాడు.

ఇక దొరబాబు సంగతి. దొరబాబు ఒక ముసలి నీటికుక్క. ఆయన మెడలో తాడుకి కట్టిన ఇత్తడి గరిటె వేలాడుతూ ఉండేది. అడవిలో ఏ పెళ్ళి జరిగినా వంటలన్నీ ముందు ఆయనే రుచి చూడాలి. ఆయన తల ఊపితేనే విస్తళ్ళు వేసేవాళ్ళు. ఆ గరిటె పట్టేవాడికి రెండే నియమాలు. వడ్డించినదాన్ని కాదనకూడదు. రుచి విషయంలో అబద్ధం చెప్పకూడదు.

దొరబాబుకి పళ్ళు కదులుతున్నాయి. గరిటె ఎవరికైనా అప్పగించి, కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ లొట్టలయ్యకి గరిటె తప్ప ఇంకేమీ కనపడలేదు. అద్దంలాంటి నీళ్ళలో చూసుకుని, మెడలో గరిటె ఉన్నట్టే గడ్డం పైకెత్తి నడిచేవాడు. దొరబాబు ఒకరోజు అతన్ని పిలిచి చెప్పాడు: "ముందుగా అనుకుని ఎవరైనా వండుతారోయ్. చెప్పకుండా వచ్చినవాడికి అప్పటికప్పుడు ఏం పెడతావన్నదే అసలు సంగతి. ఏదో ఒక సాయంత్రం నీ ఇంటికి అనుకోకుండా వస్తాను. గురువారం అనుకో. విందు నచ్చితే గరిటె నీదే. శుక్రవారం పొద్దున్నే నేను ఊరు వెళ్ళిపోతాను."

ఇంక చూడండి. ఆ అనుకోని విందు గురించి లొట్టలయ్య మూడు రోజులు అనుకున్నాడు. పీత ఇగురు, రొయ్యల వేపుడు, చేపల పులుసు. అందులో తేడా లేదు. కానీ పట్టేదెలా? పకోడీలు తినీ తినీ ఒళ్ళు పెరిగిపోయింది. కాలవలోకి దూకితే తను లోపలికి వెళ్ళేలోగా నీళ్ళు గట్టు మీదికి వచ్చేవి, చేపలు నవ్వుకుంటూ పోయేవి. అప్పుడతనికి తన టీ చుట్టాలు గుర్తొచ్చారు. ఒక్క సాయంత్రం వాళ్ళని గుడ్డ తడిసేదాకా కూర్చోబెడితే చాలు. మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. దాన్ని పులుసు తలుచుకుని మింగేశాడు.

గురువారం వచ్చింది. లొట్టలయ్య టీని కాలవ ఒడ్డున కాకుండా, దూరంగా ఎత్తైన దిబ్బ మీద పెట్టాడు. అక్కడైతే గాలి బాగుంటుందన్నాడు. అక్కడికి పోటు నీళ్ళు రావని మాత్రం అనలేదు. అచ్చియ్యమ్మ చేప కదా, ఆవిడ కోసం మట్టికుండలో నీళ్ళు పోసి, కోటమ్మ చేత మోయించాడు. పొద వెనక తరిగిన ఉల్లిపాయలు, నూరిన మసాలా, నానేసిన చింతపండు సిద్ధంగా ఉన్నాయి.

"అన్నయ్యగారూ, కుండలో నీళ్ళు పసుపుగా ఉన్నాయేంటండీ?" అంది అచ్చియ్యమ్మ.

"పసుపు ఒంటికి మంచిదమ్మా" అన్నాడు లొట్టలయ్య.

"ఉప్పు కూడా వేసినట్టున్నారు?"

"నువ్వు ఇంటి మీద బెంగ పెట్టుకోకుండా ఉంటావని."

అచ్చియ్యమ్మ ఆ మాటకి కరిగిపోయింది. మా అన్నయ్యగారిది ఎంత వెన్నలాంటి మనసో అని వీర్రాజుతో అంది. వీర్రాజు మీసాలు ఊపాడు. అతనికి మీసాలు జాస్తి, ధైర్యం నాస్తి. ఎవరేమన్నా మీసాలే ఊపుతాడు.

పేరిందేవి మాత్రం పొద వైపు తిరిగింది. పీత కళ్ళు పుల్లల మీద ఉంటాయి కదా. ఆ కళ్ళు మెల్లగా పైకి లేచి, పొద మీదుగా అవతలికి చూసి, మళ్ళీ కిందికి దిగాయి. లొట్టలయ్య అది చూశాడు. గబగబా కెటిల్ ఎత్తి అందరికీ టీ పోశాడు. పేరిందేవి చింతపండు గురించి అడగలేదు. ఒడిలో పొట్లాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మొదటి విడత టీ అయ్యేసరికి ఎర్రగుడ్డకి జానెడు కింద నీళ్ళున్నాయి. ముగ్గురూ వెళ్ళొస్తామని లేచారు. లొట్టలయ్య పకోడీల పళ్ళెం అడ్డం పెట్టాడు. వేడివేడివి వదిలేసి వెళ్తే కోటమ్మ బాధపడుతుందన్నాడు. కూర్చున్నారు.

నీళ్ళు పెరిగి గుడ్డకి బెత్తెడు దూరంలోకి వచ్చాయి. మళ్ళీ లేచారు. ఈసారి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. బజ్జీ తిన్నాక నోరు మండుతూ వెళ్ళకూడదు, కాస్త టీ తాగి వెళ్ళాలని చెప్పాడు. మళ్ళీ కూర్చున్నారు. వీర్రాజుకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

నీళ్ళు గుడ్డకి వేలెడు దూరంలోకి వచ్చాయి. ముచ్చటగా మూడోసారి లేచారు. అప్పుడు కాజాలు వచ్చాయి. కాజా కొరికినవాడు పాకం కారకుండా నడవలేడు కదా. ముగ్గురూ నోళ్ళు మూసుకుని కూర్చుండిపోయారు. లొట్టలయ్య తానూ నాలుగు నమిలాడు, అవి కోటమ్మ చేతివి కాబట్టి వాటివల్ల ఆ ముగ్గురితో చుట్టరికమేమీ పెరగలేదు.

సరిగ్గా అప్పుడు దొరబాబు చంకలో విస్తరాకు పెట్టుకుని దిబ్బ ఎక్కాడు. అనుకోకుండా ఇటు వచ్చానన్నాడు. లొట్టలయ్య అనుకోకుండా ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యాన్ని పొద్దుట్నుంచీ నాలుగుసార్లు సాధన చేశాడు మరి. దూరంగా కాలవలో నీళ్ళు ఎర్రగుడ్డని తాకాయి.

లొట్టలయ్య మూతి తుడుచుకున్నాడు.

"పీతా" అన్నాడు.

ఇప్పటిదాకా చెల్లెమ్మా అన్న నోరు. అచ్చియ్యమ్మ కుండలో అడుక్కి దిగిపోయింది. వీర్రాజు మీసాలు కూడా ఊపలేదు. పారిపోదామంటే కాలవ ఎంతో దూరం. అతనికి ఇంటి దగ్గర ఎదురుచూసే భార్య గుర్తొచ్చింది. భయంతో ఒళ్ళంతా అప్పుడే వేయించినట్టు ఎర్రబడింది.

పేరిందేవి మాత్రం ముందుకి వచ్చి దొరబాబుకి దణ్ణం పెట్టింది.

"వేళకి వచ్చారండి, బాబయ్యగారూ" అంది. "విందుకి ముందు వడ్డన మాది. మా అన్నయ్యగారు నా పొట్లం రోజూ లొట్టలేసుకుంటూ తింటారు. రాత్రికి తింటున్నారు, చుట్టరికం మళ్ళీ తెల్లారి గుడ్డ తడిసేదాకా ఉంటుంది కదా అన్న ధైర్యంతోనే నేను కన్ను మూసేదాన్నండి. ఇవాళ నా చేత్తో తినిపిస్తాను."

దొరబాబు కనుబొమలు ఎత్తాడు. అంత మంచి వంటకం ఉండగా తనకి చెప్పనే లేదేమని లొట్టలయ్యని మందలించాడు.

పేరిందేవి పొట్లం విప్పింది. లోపల నల్లటి బురద. అందులో వారాల తరబడి కుళ్ళిన మడాకు తునకలు. పైన అలంకారానికి కాస్త నాచు. వాసనకి కోటమ్మ తన పొడుగు ముక్కుని రెక్క కింద దాచుకుంది.

లొట్టలయ్య తెల్లబోయాడు. వద్దంటే వడ్డించినదాన్ని కాదన్నట్టు, గరిటె పోతుంది. తింటే పేరిందేవి మళ్ళీ చెల్లెలైపోతుంది, ఇగురు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద వెనక చింతపండు వైపు చూశాడు. దొరబాబు మెడలో గరిటె వైపు చూశాడు. పీత ఒక్కటే కదా, రొయ్యా చేపా ఉన్నాయిలే అని చివరికి నోరు తెరిచాడు.

పేరిందేవి ముద్ద పెట్టింది. ఆ వెనకే వీర్రాజు అదే పొట్లంలోంచి ఒక ముద్ద పెట్టాడు. ఆ వెనకే అచ్చియ్యమ్మ కుండలోంచి తలెత్తి, రెక్కతో ఒక ముద్ద విసిరింది. మూడూ నోట్లోనే పడ్డాయి. పీత ఇగురు, రొయ్యల వేపుడు, చేపల పులుసు, మూడూ గొంతు దిగిపోయాయి, బురదగా.

"ఎలా ఉందోయ్?" అన్నాడు దొరబాబు.

లొట్టలయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పడానికి అప్పటికింకా వేళ మించలేదు. కానీ నోరు ఒకసారి అలవాటు పడితే దాని దారి దానిదే.

"అమృతమండి" అన్నాడు.

దొరబాబు గరిటెతో కొంచెం తీసుకుని రుచి చూశాడు. కదిలే పన్ను ఒకటి ఊడి విస్తట్లో పడింది. తరవాత పేరిందేవి వైపు తిరిగి, ఇదేమిటమ్మా అని అడిగాడు.

"బురదండి" అంది పేరిందేవి. "మాకు బురదే బాగుంటుంది. అన్నయ్యగారికీ బాగుందన్నారని, పిల్లలకి తగ్గించి మరీ రోజూ తెచ్చేదాన్ని."

లొట్టలయ్య తలెత్తలేకపోయాడు. పొద వెనక విసిరేసిన పొట్లాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. బురద కన్నా ఆ సిగ్గే గొంతుకి ఎక్కువ అడ్డం పడింది.

దొరబాబు మెడలో గరిటె తీశాడు. లొట్టలయ్య ఆశ చావక మెడ చాపాడు. దొరబాబు ఆ గరిటెని పేరిందేవి డెక్కకి తగిలించాడు.

"బురదని బురద అన్నదానివి నువ్వొక్కదానివే" అన్నాడు. ఆయన కూడా ముద్ద తిన్నవాడే కాబట్టి, మేనకోడళ్ళనీ మేనల్లుడినీ దిగబెట్టినట్టు ముగ్గురినీ తానే కాలవ దాకా దిగబెట్టాడు. అచ్చియ్యమ్మ నాలుగు రోజులు పసుపుగానే తిరిగింది.

పేరిందేవికి మనసులో ఏముందో నాకు తెలియదు. మంచితనమో, ఇంకేదో. మర్నాటి నుంచీ టీకి వచ్చినప్పుడల్లా, గుడ్డ తడిసే వేళకి పొట్లం విప్పి, అన్నయ్యగారికి ఇష్టమంటూ దగ్గర కూర్చుని తినిపించేది. అమృతమన్న నోటితో వద్దని ఎలా అంటాడు? రెండు నెలలు బురద తిని లొట్టలయ్య చిక్కి సగమయ్యాడు. మళ్ళీ కాలవలోకి చప్పుడు కాకుండా దూకగలిగాడు. దూకి చూస్తే ఏముంది, చేపలూ రొయ్యలూ పీతలూ వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పొట్లం.

నీతి: చుట్టాన్ని కూర వండుకోవాలనుకున్నవాడి విస్తట్లో బురదే పడుతుంది. బాగా లేనిదాన్ని బాగుందన్నవాడికి మళ్ళీ అదే వడ్డిస్తారు.