నక్కమ్మ వాయిదా వేసిన టీకా

అనగనగా ఒక కారడవిలో సుబుద్ధి అనే నక్కమ్మ ఉండేది. ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది పిల్లలూ, అందులో నక్కమ్మ తప్పేమీ లేదు.

నక్కమ్మకు ఒక్కడే కొడుకు, కొండిగాడు.

ఆ అడవిలో పిల్లలకు టీకాలు వేసేది కొంగ పిన్ని. కళ్ళు తెరిచాక ఒకటి, పళ్ళు వచ్చాక ఒకటి, పరుగు నేర్చాక ఒకటి వేసేది.

కొండిగాడికి మొదటి టీకా వేసి, "ఒక పూట ఒళ్ళు వెచ్చబడుతుంది, భయపడకు" అని చెప్పింది.

అలాగే వెచ్చబడింది. నక్కమ్మ మూతి తిప్పింది.

"ఆడుకునే బిడ్డకు జ్వరం తెచ్చిపెట్టడం ఏం వైద్యం?" అంది.

పళ్ళు వచ్చాయి. కొంగ పిన్ని కబురు పెట్టింది.

"వాడు నిద్రపోతున్నాడు, రేపొస్తాం" అంది నక్కమ్మ. ఆ రేపు రానేలేదు.

కొండిగాడు పరుగు నేర్చాడు. కుందేలు తన ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"టీకాలకు పోదాం రా వదినా" అని పిలిచింది.

"మీ పిల్లలందరికీ వేయిస్తున్నారుగా. ఇక మావాడికి రోగం ఎవరి నుంచి వస్తుంది?" అంది నక్కమ్మ.

"ఇంకొకరూ ఇలాగే అనుకుంటే?"

"నా అంత తెలివి ఇంకెవరికి ఉంది?"

ఉంది. అవతలి కొండ మీది తోడేలుకు అచ్చం అంతే తెలివి ఉంది. జ్వరంతో ఉన్న దాని పిల్లా కొండిగాడూ ఏటి ఒడ్డున కలిసి ఆడుకున్నారు.

పదిరోజులకు కొండిగాడి ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఒళ్ళు పెనంలా కాలింది. నక్కమ్మ వేపాకు పరిచింది, దిష్టి తీసింది, కనిపించిన రాయికల్లా మొక్కింది. వారం రోజులు ముద్ద ముట్టలేదు. కుందేలు పిల్లలు మాత్రం గంతులేస్తూనే ఉన్నారు.

ఎనిమిదో రోజు జ్వరం దిగింది.

"కొండీ, లే నాన్నా" అని పిలిచింది నక్కమ్మ.

వాడు తిరగలేదు. మళ్ళీ పిలిచింది. ఎదురుగా వెళ్ళి నిలబడితే నవ్వాడు.

"నోరు ఆడిస్తున్నావేగానీ మాట్లాడవేంటమ్మా?" అని అడిగాడు.

నక్కమ్మ వాణ్ణి నోట కరుచుకుని కొంగ పిన్ని దగ్గరికి పరుగెత్తింది.

"మిగిలినవన్నీ వేసెయ్ పిన్నీ" అని ఏడ్చింది.

కొంగ పిన్ని తిట్టలేదు.

"మిగిలిన టీకాలు ఇప్పుడైనా వేస్తాను. పోయిన చెవులకు మాత్రం నా దగ్గర మందు లేదమ్మా" అంది.

నీతి: టీకాను మనం వాయిదా వేయొచ్చు, రోగం మాత్రం వాయిదా పడదు.