రాచబాట మీద చారు

ఒకానొక రాజ్యంలో రాజుగారి కొత్త రథం నగరం సందుల్లో ఇరుక్కుని, అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. కీర్తిపాల మహారాజుకు అది తలవంపులయింది.

"కోట నుంచి సంత దాకా గీత గీసినట్టు బాట పడాలి!" అన్నాడు.

ఆ గీత చింతవాగును అడ్డంగా కోస్తుంది. వాగుకు దిగువన కుమ్మరివాడ, నలభై గడపలు. ఆ సంగతి సభలో ఎత్తినవాడు ఒక్కడే, నీరుగంటి గంగులప్ప. చెరువుల నీరు, వాగుల పోకడ కనిపెట్టి ఉండటం అతని కొలువు. భార్య పోయి పన్నెండేళ్లు. వరదలొస్తే తప్ప అతని గుమ్మం తొక్కేవాడు లేడు. మాట్లాడాలనిపిస్తే పోయి వాగు గట్టున కూర్చునేవాడు.

"ప్రభూ, బాటకు కట్ట పోసే ముందు ఒక్క వానాకాలం నన్ను వాగును చూడనివ్వండి. నీళ్లు పోవడానికి ఎక్కడ ఎన్ని తూములు కావాలో చెబుతాను. లేదంటే వాగు ఎగదన్ని, కట్ట తెంచుకుని కుమ్మరివాడ మీద పడుతుంది."

మంత్రి నవ్వాడు. "నీరుగంటివారికి వాగంటే బెంగ కాబోలు ప్రభూ! పాపం, పలకరించే దిక్కు అదొక్కటేగా!"

సభంతా ఘొల్లుమంది. గంగులప్ప తల వంచుకున్నాడు. ఆ మాట అబద్ధమైతే కోపం వచ్చేదేమో.

"ముందు వెయ్యడం, తరవాత చూడటం. ఇదే మా ఆజ్ఞ," అన్నాడు రాజు.

మర్నాడు బాట పనికి కొబ్బరికాయ కొడతారనగా కోటలో విందు. విందునాడు ఉద్యోగులు తలా ఒక పదార్థం రాజుగారికి స్వయంగా వడ్డించడం అక్కడి ఆచారం. నీళ్ల మనిషి కనక గంగులప్ప వంతు ఎప్పుడూ చారే.

మంత్రి పులిహోరను అరిటాకు ఈ కొస నుంచి ఆ కొస దాకా కట్టలా పేర్చాడు. "ఇదిగో ప్రభూ, రాచబాట!"

రాజు మీసం దువ్వుకున్నాడు.

గంగులప్ప గిన్నెతో వచ్చి, పులిహోరకు అవతలి పక్కన గరిటె మీద గరిటె చారు పోశాడు. ఆకు రాజువైపు వాలి ఉంది. చారు బాట దగ్గర ఆగింది, ఉబ్బింది, బాటను తెంచుకుని రాజుగారి పట్టుపంచె మీద పడింది.

"కళ్లు కనబడవుటయ్యా?" రాజు ఎగిరి గంతేశాడు. "పోసే ముందు ఆకు వాలు చూసుకోవద్దూ!"

"ముందు పొయ్యడం, తరవాత చూడటం. ఏలినవారి ఆజ్ఞే కదా ప్రభూ! ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాను." వంగి ఆకు వాలును శ్రద్ధగా పరీక్షించాడు. తరవాత మెల్లిగా అన్నాడు, "తమరు పంచె మార్చుకుంటారు. కుమ్మరుల గోడలు మట్టివి ప్రభూ."

రాజు తడిసిన పంచెను చూశాడు, తెగిన పులిహోరను చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీరు పల్లమెరుగునంటారు. నాకు మాత్రం పంచె తడిస్తే గాని తెలియలేదు! రేపటి కొబ్బరికాయ ఆపండి. ఈ వానాకాలం గంగులప్ప వాగును చూస్తాడు. అతను చెప్పాకే గీత గీద్దాం. మంత్రిగారూ, గట్టు మీద అతనికి గొడుగు మీరు పట్టండి. పలకరించే దిక్కు లేదని బాధపడ్డారుగా!"

మంత్రి మొహం మాడింది.

"నీకేం కావాలో కోరుకో గంగులప్పా."

గంగులప్ప గిన్నె కింద పెట్టాడు. "మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఒక్క ఆకే వేస్తున్నాను ప్రభూ."

రాజు నవ్వు ఆగిపోయింది. పక్కకు జరిగి, తన పక్కనే ఇంకో పీట వేయించాడు.

"మరో ఆకు తెండి!" అని కేకేసి, మళ్లీ నవ్వాడు. "ఈసారి వాలు నువ్వే చూడవయ్యా, వడ్డించే ముందు!"